పిల్లలకు బైబిలు వాక్యం కంఠతా వచ్చినా నడవడిలోకి రాకపోతే ఏం చేయాలి?

ఒక అమ్మ:
అందరికీ వందనాలు. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. సండే స్కూల్ కంఠత వాక్యాల పోటీల్లో ఎప్పుడూ ముందుంటాడు. గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలోని ప్రేమ, సంతోషం, సమాధానం మొదలైన ఆత్మ ఫలం తొమ్మిది లక్షణాలనూ వరుస తప్పకుండా అప్పజెబుతాడు. అదే పిల్లవాడు మొన్న చెల్లెలి రంగు పెన్సిళ్ల పెట్టె విరగ్గొట్టి, తాను దాన్ని ముట్టుకోనేలేదని తడబాటు లేకుండా చెప్పాడు. విరిగిన మూత తర్వాత వాడి బడిసంచిలోనే దొరికింది. అబద్ధం గురించిన వాక్యం గుర్తుచేస్తే ముఖం ముడుచుకుని తల దించుకుంటున్నాడు గానీ లోపల ఏమీ కదిలినట్టు అనిపించడం లేదు. ఇలాగే కొనసాగితే వాడి మనసులో బైబిలంటే మందలింపు అనే ముద్ర పడిపోతుందేమోనని దిగులుగా ఉంది. మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.

సండే స్కూల్ టీచర్:
సహోదరీ, తప్పు దొరికిన రోజునే వాక్యం బయటికి తీస్తే ఏ పిల్లవాడికైనా అది శిక్షలాగే వినిపిస్తుంది. కథను మామూలు రోజుల్లో, ఎవరూ ఏ తప్పూ చేయనప్పుడు చెప్పుకోవాలి. లూకా సువార్త 19లోని, పన్నులు వసూలు చేసే జక్కయ్య కథను నేను తరగతిలో తరచుగా తీసుకుంటాను. యేసును కలిశాక అతను తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు. తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని కూడా అతను అనడం వెనుక మోషే ధర్మశాస్త్రం ఉంది: గొర్రెను దొంగిలించి అమ్మినా చంపినా నాలుగు గొర్రెలు ఇవ్వాలని నిర్గమకాండము 22 చెబుతుంది, మోసగించి తీసుకున్నదాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు ఐదో వంతు అదనంగా కలపాలని లేవీయకాండము 6 చెబుతుంది. అంటే పశ్చాత్తాపానికి చేతులు కూడా ఉండాలి. ఒకసారి ఈ కథ విని ఒక పాప, "సగం బీదలకిచ్చి, మిగిలినదాంట్లోంచి నాలుగంతలు ఇస్తే ఆయనకేం మిగిలింది టీచర్?" అని అడిగింది. ఆ వారమంతా మేము ఆ ప్రశ్న మీదే మాట్లాడుకున్నాం. మీ అబ్బాయి చేత కూడా సారీ చెప్పించి వదిలేయకుండా, తాను దాచుకున్న డబ్బుతో కొత్త పెట్టె కొనిపించండి. డబ్బు చాలకపోతే ఇంట్లో ఏదైనా పని చేసి సంపాదించుకోనివ్వండి.

ముగ్గురు పిల్లల నాన్న:
టీచర్ గారి మాటతో ఏకీభవిస్తాను. దానికి కుటుంబ ప్రార్థన గురించి ఒక మాట చేర్చాలి. చాలా ఇళ్లల్లో, "ప్రభువా, వీడిలోని అబద్ధమాడే బుద్ధిని తీసివేయుము" అని తోబుట్టువులందరి ముందూ గట్టిగా ప్రార్థిస్తుంటారు. అది దేవునితో మాట్లాడడం కాదు, కళ్లు మూసుకుని పిల్లవాడిని మందలించడం. పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు. మా ఇంట్లో ఎవరి తప్పూ ప్రార్థనలోకి తేకూడదని నియమం పెట్టుకున్నాం, తమ తప్పును తామే చెప్పుకోదలిస్తే తప్ప. ప్రార్థన పొడవు కూడా తగ్గించాం. ద్వితీయోపదేశకాండము 6:7 ఇంట కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమంటుంది గనుక, బోధ అంతా రాత్రి ప్రార్థనలోనే పూర్తికావాలన్న తొందర మాకు లేదు.

తాతయ్య (విశ్రాంత కాపరి):
మీరంతా సౌమ్యంగా మాట్లాడుతున్నారు, సంతోషం. అయితే పాత నిబంధనలోని యాజకుడు ఏలీని మరచిపోకండి. కుమారులు చేస్తున్న చెడ్డ పనులు విని ఆయన మందలించాడు గానీ వారిని అడ్డగించలేదు. 1 సమూయేలు 3:13లో దేవుడు ఆయన మీద మోపిన దోషం అదే. బెత్తం వాడని తండ్రి కుమారునికి విరోధి అని సామెతలు 13:24 చెబుతోంది. మాటలతోనే సరిపెట్టే ఇళ్లల్లో పిల్లలు మాటలు వినడం మానేస్తారు.

వాక్య విద్యార్థి:
అయ్యగారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఏలీ కుమారులు హొఫ్నీ, ఫీనెహాసులు చిన్నపిల్లలు కారు. యాజకత్వం చేస్తూ, బలులు తెచ్చిన జనం దగ్గర మాంసాన్ని బలవంతంగా లాక్కున్న పెద్దవాళ్లు. వారిని ఆ పదవి నుంచి తప్పించకపోవడమే అక్కడి లోపం అనుకుంటాను, కొట్టకపోవడం కాదు. తండ్రికి ఇంటివారందరి మీదా దాదాపు అపరిమితమైన అధికారమున్న రోమా లోకంలో, పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీ 6:4లోను, వారి మనసు కుంగిపోకూడదని కొలొస్సీ 3:21లోను పౌలు తండ్రులకే హద్దు గీశాడు. హద్దు పెట్టడం, తప్పుకు ఫలితం అనుభవించనివ్వడం తప్పనిసరి అన్నంతవరకు మీతో ఉన్నాను. కానీ భయంతో పెరిగిన పిల్లవాడు మొదట నేర్చుకునేది దొరక్కుండా అబద్ధమాడడమే. "దేవుడు చూస్తున్నాడు జాగ్రత్త" అని ఆయనను ఇంటి కాపలాదారుగా నిలబెట్టడం కూడా ఇలాంటిదే.

తాతయ్య (విశ్రాంత కాపరి):
ఏలీ కుమారుల వయసు విషయంలో నీ మాట ఒప్పుకుంటాను బాబూ. బెత్తం విషయంలో ఇంకా ఆలోచిస్తాను.

ముగ్గురు పిల్లల నాన్న:
అసలు ఒక్కొక్క పిల్లవాడితో విడిగా మాట్లాడే సమయం మన ఇళ్లల్లో ఉందా అన్నది నా సందేహం. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీ ఇంటినిండా పిల్లలున్నా, వారంలో ఒక్కో సాయంత్రాన్ని ఒక్కొక్కరికి కేటాయించి వారితో ఏకాంతంగా మాట్లాడేవారని 1712లో ఆమె తన భర్తకు రాసిన ఉత్తరం వల్ల తెలుస్తుంది. జాన్‌ది గురువారం, పెద్దవాడయ్యాక కూడా ఆ గురువారపు సాయంత్రాన్ని అతను తల్లికి రాసిన ఉత్తరంలో తలచుకున్నాడు. అందరి ముందు బొంకిన పిల్లవాడు ఒంటరిగా నిజం చెప్పడం నేను మా ఇంట్లోనే చూశాను, ముఖ్యంగా చెల్లెలు పక్కన లేనప్పుడు.

ఒక అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. వాడితో విడిగా మాట్లాడాను. చెల్లెలి బొమ్మలను బంధువులంతా మెచ్చుకోవడం వల్ల ఉక్రోషం వచ్చిందని చెప్పాడు. తండ్రి ఎక్కువగా ప్రేమించిన యోసేపు మీద అన్నలకు పుట్టిన అసూయ నాకు అప్పుడు గుర్తొచ్చింది గానీ, టీచర్ గారు చెప్పినట్లు ఆ కథను మరో రోజుకు దాచాను. వాడి డబ్బుతోనే కొత్త పెట్టె కొన్నాం. ఇప్పుడు ఇంకో చిక్కు: చెల్లెలు పెట్టె తీసుకుంది గానీ, క్షమించానని మాత్రం అననంటోంది. అనిపించాలా?

సండే స్కూల్ టీచర్:
అనిపించకండి. మీరు తలచుకున్న యోసేపు కూడా, అసూయతో తనను అమ్మేసిన అన్నలు ఏళ్ల తర్వాత కనబడిన వెంటనే తానెవరో చెప్పలేదు. ఆదికాండము 44లో చిన్న తమ్ముడు బెన్యామీనుకు బదులు తాను దాసుడిగా ఉండిపోతానని ఆ అన్నల్లో ఒకడైన యూదా ముందుకు వచ్చాకే ఆయన నోరు విప్పాడు. పాపను తొందరపెడితే నోటిమాటగా అనేసి ఊరుకుంటుంది. ఆమె పెన్సిళ్లు మళ్లీ అన్నకు ఎరువిస్తుందో లేదో గమనించండి. ఈలోగా జరిగినదాన్ని మీరు గానీ బంధువులు గానీ మరోసారి ఎత్తకుండా చూసుకోండి.