“సానలఁ దీరిన జాతిరత్నముల్”: ఏ కథాంశానికి సాన పట్టాలి?

నల్లసిరా:
రామరాజభూషణుడి కావ్యం వసుచరిత్రలోని ఈ పద్యం చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది.

కేవలకల్పనాకథలు కృత్రిమరత్నము లాద్యసత్కథల్
వావిరిఁ బుట్టురత్నము లవారితసత్కవికల్పనావిభూ
షావహపూర్వవృత్తములు సానలఁ దీరిన జాతిరత్నముల్
గావున నిట్టి మిశ్రకథగా నొనరింపుము నేర్పు పెంపునన్

పాత కథలే తీసుకో, కాస్త కల్పన చేర్చు అని మాత్రమేనా దీని భావం? నోట్‌బుక్ నిండా ఆలోచనలు పెట్టుకుని ఏది రాయాలో తేల్చుకోలేని ఇప్పటి కథకుడికి ఇందులో ఏమైనా దొరుకుతుందా?

గురులఘువు:
ముందు మాటలు చూద్దామండీ. పుట్టురత్నం అంటే గనిలోంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న రాయి. “సానలన్ + తీరిన”లో ద్రుతం (చివరి “న్”) వల్ల “తీ” “దీ” అయింది. సాన బహువచనంలో ఉందని గమనించండి, ఒక్కసారి రుద్ది వదిలేసింది కాదు. ఈ మూడు రకాల రత్నాలూ దశరూపకం అనే సంస్కృత నాట్యశాస్త్ర గ్రంథంలో ధనంజయుడు ఇతివృత్తానికి చెప్పిన మూడు భేదాలే: ప్రఖ్యాతం (అందరికీ తెలిసిన పాత కథ, పుట్టురత్నం), ఉత్పాద్యం (పూర్తిగా కల్పించింది, కృత్రిమరత్నం), మిశ్రం (రెండూ కలిసింది, జాతిరత్నం). “ఒనరింపుము” విధ్యర్థకం, అంటే ఇది కావ్యం రాయించుకుంటున్నవారి కోరిక. దీన్ని సిద్ధాంతంగా పట్టుకోకూడదని నా అభిప్రాయం. అదే 16వ శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని సొంత కల్పనతోనే నడిపాడు. దాన్ని కృత్రిమరత్నం అనే ధైర్యం ఎవరికుంది?

అచ్చుతప్పు:
రత్నాల వరస పక్కన పెట్టి, రామరాజభూషణుడు ఎంచుకున్న కథ ఏమిటో చూడండి. భారతం ఆదిపర్వంలో అది చిన్న ఉపకథ. శుక్తిమతి నదికి కోలాహల పర్వతం అడ్డుపడింది, వసురాజు కాలితో తన్ని దాన్ని తొలగించాడు, ఆ నదికి పుట్టిన గిరికను పెళ్లాడాడు. ఇంత చిన్నది ఆరు ఆశ్వాసాలకు ఎలా సరిపోయింది? అందులో ఒక అడ్డు ఉంది, ఒక మనిషి చేసిన పని ఉంది, ఆ పని అతని మీదికే తిరిగి వచ్చిన ఫలితం ఉంది. కథాంశం ఎంచుకునేటప్పుడు నేను చూడమనేది ఈ మూడే. కథ పాతదా కొత్తదా అన్నది తర్వాతి మాట.

కథకు విత్తనంలాంటి బీజాన్ని దశరూపకం “హేతువు” అంటుంది, మొదట కొద్దిగా సూచించినా పోనుపోను పలు విధాలుగా విస్తరించేది అని. మనం కథాంశం అనుకుని రాసి పెట్టుకునేవాటిలో చాలావరకు హేతువులు కావు, వస్తువులు. “ముసలితనంలో ఒంటరితనం” వస్తువు. “కొడుకు ఇల్లు అమ్మబోతుంటే తల్లి దస్తావేజులు దాచేసింది” బీజం. ఆలోచనను 15 మాటలకు మించని ఒక్క వాక్యంగా రాయండి. అందులోని క్రియ ఎవరో ఒకరు తెలిసి చేసిన పని కావాలి. దాని కింద “అందువల్ల” అని రాసి తర్వాత ఏమవుతుందో రాయండి. అలా నాలుగైదుసార్లు. రెండో “అందువల్ల” దగ్గరే ఆగిపోతే అది కథ కాదు, చమత్కారం. ఒక పేజీలో చెప్పేసి ఊరుకోవచ్చు. “అందువల్ల” బదులు “ఆ తర్వాత” మాత్రమే కుదురుతుంటే మీ దగ్గరున్నది సంఘటనల జాబితా.

గురులఘువు:
ఎవరూ ఏమీ చేయని మంచి కథలు కూడా ఉన్నాయి కదండీ.

అచ్చుతప్పు:
ఉన్నాయి. వాటిలో చేయకపోవడమే చర్య. దస్తావేజులు ఎక్కడున్నాయో తెలిసీ కూతురు నోరు విప్పలేదనుకోండి, దానికీ “అందువల్ల” వస్తుంది.

నల్లసిరా:
కొసమెరుపు ఒక్కటే తట్టినప్పుడు?

అచ్చుతప్పు:
ఆ రహస్యాన్ని మొదటి పేరాలోనే చెప్పేసినట్టు ఊహించుకోండి. అయినా చదవాలనిపించేది మిగిలితే రాయండి. మిగలకపోతే ఆ కథలో ప్రతి సన్నివేశమూ దాచడానికే పనిచేస్తుంది. పాత్రలకు తెలిసిన విషయం తెలియనట్టు మాట్లాడిస్తారు, పాఠకుడు అక్కడే పట్టేస్తాడు.

గురులఘువు:
నిడివి తేల్చుకోవడానికీ పాత మాటలే పనికొస్తాయి. ప్రధాన కథ వెంట చాలా దూరం నడిచే ఉపకథ పతాక, సుగ్రీవుడిది అలాంటిది. కాసేపు కనిపించి పోయేది ప్రకరి, శబరి లాగ. పతాక లేకుండా మీ ఆలోచన నిలబడదంటే అది నవల. దాన్ని 2,000 మాటల కథలోకి కుదిస్తే చివరి పేజీ సారాంశంలా తయారవుతుంది. ప్రకరి అయితే కథలో ఒకటి ఇముడుతుంది, రెండోది బరువే.

నల్లసిరా:
మరి నిజంగా జరిగినవి? నా నోట్‌బుక్‌లో సగం అవే. పద్యం ప్రకారం అవి పుట్టురత్నాలు కదా.

అచ్చుతప్పు:
ఎక్కువ కథలు చెడేది అక్కడే. “నిజంగా ఇలాగే జరిగింది” అన్నది పాఠకుడికి సమాధానం కాదు. పద్యంలోని సానకు అర్థం ఇక్కడ వెతుక్కోండి. ఒక్కొక్కటిగా మూడు మార్చి చూడండి: కథ ఎవరి వైపు నుంచి నడుస్తుంది, ఎక్కడ మొదలవుతుంది, ఫలితం ఏమిటి. మార్చినప్పుడు కొత్త “అందువల్ల”లు పుడితే ఆ రాయి సానకు నిలిచినట్టు. ఏది మార్చబోయినా మీ చెయ్యి ఒప్పుకోకపోతే అది ఇంకా జ్ఞాపకమే. దినచర్యలో ఉండనివ్వండి.

వడబోత ఇంకొకటుంది. వాక్యం రాసి రెండు మూడు వారాలు పక్కన పెట్టండి. తర్వాత నోట్‌బుక్ తెరవకుండా మళ్లీ రాసి, పాతదానితో పోల్చండి. క్రియ అదే వస్తే రాయవచ్చు. పరిసరమో ఒక సంభాషణో మాత్రమే గుర్తుంటే అది ఇంకో కథకు సరుకు.

నల్లసిరా:
అలా మిగిలిపోయినవాటిని కలిపితే మిశ్రకథ అవుతుందా 🙂

గురులఘువు:
శాస్త్రంలోని మిశ్రం అది కాదు లెండి. కానీ కలపవచ్చు. ఒకదాని మనిషినీ ఇంకొకదాని క్రియనూ తీసుకోండి. రెండు క్రియలూ ఉంచితే ఏది బీజమో మీకే తెలియకుండా పోతుంది, కథ మధ్యలో రెండోసారి మొదలవుతుంది.