లిఫ్టాఫ్ 4 సెకన్లు జరిపితే ఢీకొనే గండం తప్పుతుందా? లెక్క ఎలా కట్టాలి?

కక్ష్యలెక్కలు: కక్ష్యలో రెండు ఉపగ్రహాలను కలిపే ఇస్రో ప్రయోగం స్పేడెక్స్‌ను మోసుకెళ్లిన పీఎస్ఎల్‌వీ-సీ60 2024 డిసెంబరు 30 రాత్రి 9:58కి లేవాల్సింది, 10:00కి లేచింది. చంద్రయాన్-3కి 4 సెకన్లు జరిపితే సరిపోయింది. ఇంత తేడా ఎందుకు? బయట దొరికే టీఎల్ఈలతో (ఒక్కో వస్తువు కక్ష్య వివరాలను రెండు వరుసల్లో ఇచ్చే అంకెలు) ఈ లెక్క కట్టాలంటే వేళను ఎంతెంత జరుపుతూ చూడాలి? ఎంత దగ్గరికొస్తే ప్రమాదం అనుకోవాలి?

షార్‌తీరం: లేచిన ఇన్నో సెకనుకు రాకెట్ ఏ అక్షాంశం, ఏ రేఖాంశం, ఎంత ఎత్తు అన్నది ఎప్పుడు లేచినా ఒకటే. మారేది పైన తిరిగేవాటి చోటు. కాబట్టి ట్రాజెక్టరీని (రాకెట్ దారిని) భూమితోపాటు తిరిగే అక్షాల్లోనే ఉంచి, టీ-జీరోను (లేచే క్షణాన్ని) 1 సెకను చొప్పున జరుపుతూ విండో (ప్రయోగానికి అనువైన వ్యవధి) అంతా జల్లెడ పట్టండి.

దూరాలకు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనలు పట్టుకోండి: మనుషులుండే అంతరిక్ష కేంద్రాలకు 200 కి.మీ., ఉపగ్రహాలకు 25, అంతరిక్ష వ్యర్థ శకలాలకు 2.5. మీరడిగిన తేడా ఇక్కడే ఉంది. అడ్డంగా వచ్చే శకలం మహా అయితే ఒక సెకను మూసేస్తుంది, ఉపగ్రహం దాదాపు 10 సెకన్లు. ఒకే ఎత్తులో ఉపగ్రహాలు వరుసగా వస్తుంటే మూసిన సెకన్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చంద్రయాన్-3కి అడ్డొచ్చింది ఒక శకలం. సీ60కి అడ్డు ఇతర ఉపగ్రహాల సామీప్యం.

గతిసూత్రం: షార్‌తీరం గారి మాటకు ఒక చేర్పు. సెకనుకు 7.5 కి.మీ. వేగం కదా, 4 సెకన్లకు 30 కి.మీ. ఎడం వస్తుందనుకోకండి. రెండు దారులు 90 డిగ్రీల్లో కోసుకుంటే వచ్చే ఎడం సుమారు 21 కి.మీ. సరిగ్గా ఎదురెదురుగా వస్తుంటే కొద్ది సెకన్లు ఆపినా లాభం లేదు, కలిసే చోటు జరుగుతుందంతే.

ప్రోగ్రాంలో ఎక్కువమంది తప్పేది రెండు చోట్ల. 10 సెకన్లకోసారి దూరం కొలిస్తే ఆ మధ్యలో రెండూ వంద కి.మీ. పైగా దాటిపోతాయి, గండం కంటపడదు. ముందు ఎత్తులు కలవనివాటిని ఏరేసి, మిగిలినవాటికి కనిష్ఠ దూరపు క్షణాన్ని వెతకాలి. రెండోది, టీఎల్ఈ నుంచి వస్తువు చోటు కట్టే ఎస్‌జీపీ4 సూత్రం ఇచ్చేది టీఈఎంఈ అనే, ఆ వేళటి భూమి దిశను అనుసరించే అక్షాల్లో. దాన్ని 2000 సంవత్సరం నాటి దిశకు బిగించిన జే2000 అక్షాలు అనుకుంటే ఇప్పటికి దాదాపు 40 కి.మీ. తప్పొస్తుంది. అసలు టీఎల్ఈలోనే మొదటినుంచీ కిలోమీటరు స్థాయి దోషం ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. అందుకని ప్రయోగానికి ముందురోజుదీ ఆరోజుదీ తాజా డేటాతో మళ్లీ నడపాల్సిందే.

కక్ష్యలెక్కలు: అంత గొడవెందుకండీ, అరగంట ఆపేస్తే పోదా?

షార్‌తీరం: అరగంటలో భూమి 7.5 డిగ్రీలు తిరుగుతుంది, కక్ష్యాతలమూ అంతే జరిగిపోతుంది. సూర్యానువర్తన కక్ష్యకైతే (ప్రతిసారీ ఒకే స్థానిక సమయానికి దాటేలా ఎంచుకునే కక్ష్య) ఉపగ్రహం భూమధ్యరేఖ దాటే స్థానిక సమయం అరగంట తప్పుతుంది. పైగా అరగంట తర్వాత దారిలో ఇంకేవో ఉంటాయి, జల్లెడ మళ్లీ మొదలు. ఒకటి మరిచిపోకండి: ఉపగ్రహంతో పాటు ఖాళీ అయిన రాకెట్ ఆఖరి దశకూ విడిగా లెక్క కట్టాలి, లిఫ్టాఫ్ నుంచి కనీసం 3 గంటల వరకు. కొత్త వస్తువులు కక్ష్యలోని వస్తువుల కేటలాగులోకి ఎక్కేదాకా మనుషులుండే అంతరిక్ష కేంద్రం వాటిని చూసి తప్పుకోలేదు.