ఐర్లండ్‌లో పాత దొరల ఎస్టేట్ అడవుల్లో నడక: నాన్నతో ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?

మెట్టుదారి (తిరుపతి)
అందరికీ నమస్కారం. జూన్‌లో నేను, నాన్న డబ్లిన్‌లో ఉన్న చెల్లి దగ్గరికి వెళ్తున్నాం. చెల్లి మ్యూజియాలు, షాపింగ్ అని పెద్ద లిస్టే పంపింది కానీ నాన్నకి అవేవీ పట్టవు, ఆయనకి చెట్లుంటే చాలు. శ్రీవారి మెట్టు 2388 మెట్లు ఇప్పటికీ ఆగి ఆగి ఎక్కేస్తారు. తలకోన తీసుకెళ్తే జలపాతం దగ్గర కాసేపే ఉంటారు, దారిలో ఒక్కో మాను బెరడు తడిమి చూస్తూ మాత్రం గంటలు గడిపేస్తారు. ఐర్లండ్‌లో పాత జమీందారీ ఎస్టేట్లు చాలావరకు ఇప్పుడు జనం తిరిగే అడవులయ్యాయని విన్నాను. కత్తిరించి పెట్టిన తోట కాకుండా నిజంగా అడవిలా ఉండేది, రైల్లో పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయగలిగేది ఏదైనా చెప్పండి. కారు లేదు. వానంటే కొంచెం టెన్షన్‌గా ఉంది.

మదనపల్లె మాస్టారు
బాయిల్ వెళ్లండి బాబూ, రెండో ఆలోచన వద్దు. డబ్లిన్ కనొలీ స్టేషన్‌లో స్లైగో రైలెక్కితే సుమారు రెండున్నర గంటల్లో బాయిల్‌లో దిగుతారు, అక్కడి నుంచి టాక్సీలో కాసేపట్లోనే లాఖ్ కీ ఫారెస్ట్ పార్క్. ఒకప్పుడు అదంతా కింగ్ అనే ఇంటిపేరున్న దొరల రాకింగ్‌హామ్ ఎస్టేట్. లండన్ బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి పనిచేసిన జాన్ నాషే ఇక్కడి దొరల భవనానికీ ప్లాను గీశాడు. 1957లో అది కాలిపోయింది, మిగిలిన గోడల్ని 1971లో కూల్చేశారు.

మీరు తప్పకుండా చూడాల్సింది సొరంగాలు. పనివాళ్లు సరుకులు మోసుకుంటూ తిరగడం దొరల కంట పడకూడదని, కిటికీలోంచి చూస్తే సరస్సు, చెట్లు తప్ప ఇంకేం కనబడకూడదని, వాళ్ల దారిని భూమి లోపల కట్టారు. సరస్సులో పడవల మీద వచ్చిన పొయ్యి ఇంధనం కూడా ఆ దారినే ఇంట్లోకి చేరేది. అంత భవనమూ పోయింది, కూలివాళ్ల దారి మాత్రం నిలిచింది. అందులో నడిచి వెలుతుర్లోకి వచ్చినప్పుడు వాళ్ల గురించి తలుచుకోకుండా ఉండలేం. చెట్ల కొమ్మల ఎత్తులో నడిచే వంతెన కూడా ఉంది, అది తెరిచి ఉందో లేదో ముందే వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఇంకో సంగతి, ఇది మన పాత చిత్తూరు జిల్లా వాళ్లందరికీ తెలియాలి. మార్గరెట్ కజిన్స్ పుట్టింది ఆ బాయిల్ ఊళ్లోనే, 1878లో. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె కాలేజీకి వచ్చి జనగణమన పాడినప్పుడు దానికి స్వరాలు రాసిపెట్టింది ఆవిడే. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ అప్పుడు ఆ కాలేజీ ప్రిన్సిపాల్.

గాల్వేలో చిత్తూరోడు
మాస్టారూ, మీ మాట కాదనను, కానీ అడవి కోసమే అయితే నా ఓటు గాల్వే వైపు గోర్ట్ ఊరి దగ్గరి కూల్ పార్క్‌కే. నాటక రచయిత్రి లేడీ గ్రెగరీ ఎస్టేట్ అది. ఇల్లు 1941లో కూల్చేశారు, ఇప్పుడు పునాది చోటే కనిపిస్తుంది. కవి యేట్స్, నాటకకర్త బెర్నార్డ్ షా తమ పేర్ల పొడి అక్షరాలు చెక్కిన బీచ్ చెట్టుకి మాత్రం చుట్టూ కంచె వేసి కాపాడుతున్నారు. ఈ ఎస్టేట్‌ని 1768లో కొన్న రాబర్ట్ గ్రెగరీ ఈస్టిండియా కంపెనీ కొలువులో మన దేశంలో డబ్బు గడించి వెళ్లినవాడు, కాబట్టి ఆ చెట్ల కింద నడిచే హక్కు మనకి కొంచెం ఎక్కువే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

అక్కడి సరస్సు చలికాలంలో సున్నపురాయి నేల కిందినుంచి ఉబికి పొంగుతుంది, ఎండాకాలంలో మళ్లీ ఆ రాతి రంధ్రాల్లోకే చాలావరకు ఇంకిపోతుంది. ఒడ్డున ఉన్న మానుల మొదళ్లు చూడండి, నల్లటి నాచు ఎంత ఎత్తు వరకు పట్టి ఉంటే నీళ్లు అంతవరకు వచ్చినట్టు. మీ నాన్నగారు ఆ నాచు దగ్గరే ఆగిపోతారు, రాసిపెట్టుకోండి. కాకపోతే డబ్లిన్ నుంచి రైలు మారాలి, ఒక్కరోజులో వెళ్లి రావడం కష్టం. గాల్వేలో ఒక రాత్రి ఉండగలిగితేనే పెట్టుకో అన్నా.

డబ్లిన్ నర్సు
తమ్ముడూ, ఎక్కడికెళ్లినా నాన్నగారికి ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపమని చెప్పు. ఆ గడ్డిలో మన పశువులకి పట్టే పిడుదుల్లాంటివి ఉంటాయి, వాటి వల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో వెతకాలి. తర్వాతి రోజుల్లో చర్మం మీద గుండ్రంగా ఎర్రమచ్చ పెరుగుతుంటే వెంటనే డాక్టరు దగ్గరికి. ఆయనకి చెట్లని తడిమే అలవాటు ఉందన్నావు కాబట్టి ఇంకోటి: జూన్‌లో గంటల్లా వేలాడే ఊదారంగు పూలతో ఫాక్స్‌గ్లవ్ మొక్కలు దారి పొడుగునా ఉంటాయి, చాలా అందంగా ఉంటాయి, అవి విషం. గుండెకి వాడే డిజాక్సిన్ ఆ జాతి నుంచే వస్తుంది. వానకి గొడుగు దండగ, గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్ జాకెట్ తీసుకో. చెప్పులు వద్దు, బురద. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది, హడావుడి పడొద్దు.

మెట్టుదారి (తిరుపతి)
చాలా థాంక్స్ అందరికీ. మాస్టారి పోస్టు నాన్నకి చదివి వినిపిస్తే సొరంగాల దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు, కాబట్టి బాయిల్‌కే వెళ్తున్నాం. అక్కా, ఆయన రోజూ బీపీ మాత్ర వేసుకుంటారు, ఫాక్స్‌గ్లవ్ ముట్టుకుంటేనే ప్రమాదమా, నోట్లోకి పోతేనా?

డబ్లిన్ నర్సు
నోట్లోకి పోతేనే అసలు ప్రమాదం. పొరపాటున తగిలితే చేతులు సబ్బుతో కడుక్కుని తర్వాతే అన్నం ముట్టమను.