మిల్క్‌షేక్ టేబుల్ మీదకి వచ్చేలోపే పల్చబడుతోంది, ఎలా ఆపాలి?

నమస్కారం అండీ. బర్గర్, షేక్ ఒకే ఆర్డర్‌లో వచ్చినప్పుడే ఈ చిక్కు. ప్యాటీ కాలి బన్నులో సర్దేసరికి ఆరేడు నిమిషాలు. ఈలోపు ముందే కొట్టిన షేక్ పైన నురగ, అడుగున పాలుగా విడిపోతోంది. "ఇది ఫ్లేవర్ మిల్క్" అని కస్టమర్లు వెనక్కి పంపుతున్నారు, వాళ్లన్నది న్యాయమే.

300 మి.లీ. గ్లాసుకి కొలత: వెనిలా ఐస్‌క్రీమ్ 180 గ్రాములు, 4 డిగ్రీల చల్లని పాలు 90 మి.లీ., మిక్సర్ జార్‌లో 40 సెకన్లు. ఐస్ ముక్కలు వేయడం లేదు, కరిగితే రుచి చప్పబడుతుంది.

నా అనుమానాలు రెండు. బ్లేడు రాపిడి వేడికే ఐస్‌క్రీమ్ కరుగుతోందేమో. కడ్డీ దిగే స్పిండిల్ మిక్సర్‌లో 20 సెకన్లు తిప్పితే నిలుస్తుందా? రెండోది, అసలు ఐస్‌క్రీమే. లీటరు టబ్బులో సరుకు 530 గ్రాములే తూగుతోంది, అంటే దాదాపు సగం గాలి. నిబంధన ప్రకారం 525 ఉంటే చాలు కాబట్టి తప్పనలేం. లీటరుకి 700 గ్రాములు తూగేది వాడితే ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా?

షేక్ చిక్కగా నిలవడానికి పాలపొడి కలిపేవాళ్లు గ్లాసుకి ఎన్ని గ్రాములు వేస్తున్నారు? పిండి రుచి రాకుండా ఎప్పుడు కలపాలి? షాపు నడుపుతున్నవాళ్లు దయచేసి కొలతలతో చెప్పండి.