కృత్తికల హెచ్-ఆర్ పటంలో మసక తారలు నీలం వైపు జరుగుతున్నాయి, ఏం చేయాలి?

గాయా అంతరిక్ష దుర్భిణి మూడో విడత డేటాతో కృత్తికల తారాగుంపుకి హెచ్-ఆర్ పటం (తారల రంగుకి, ప్రకాశానికి ఉన్న సంబంధం చూపే పటం) గీస్తున్నాను. అడుగు కొసలో ఒక చిక్కు తెగడం లేదు, అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

గుంపులో అన్నిటికంటే ప్రకాశవంతమైన తార ఆల్సియోన్ చుట్టూ 2 డిగ్రీల వ్యాసార్ధంలో తారలు తీసుకున్నాను. వాటిలో పారలాక్స్ (దూరాన్ని చెప్పే కోణం) 7.0–7.8 మిల్లీ ఆర్క్‌సెకన్లు, స్వీయచలనం (ఆకాశంలో తార జరిగే వేగం) ఏడాదికి తూర్పుకి 20, దక్షిణానికి 45 మిల్లీ ఆర్క్‌సెకన్ల దరిదాపుల్లో ఉన్నవే ఉంచాను. నిలువు అక్షం మీద నిజ ప్రకాశం: జి + 5 లాగ్(పారలాక్స్) − 10. ఇక్కడ జి అంటే గాయా కొలిచిన ప్రకాశం, మాగ్నిట్యూడ్‌లలో; సంఖ్య పెరిగేకొద్దీ తార మసక. పారలాక్స్ 7.37 అయితే జి నుంచి 5.66 తీసేసినట్టే. అడ్డంగా, ఉష్ణోగ్రతకి బదులు, బీపీ−ఆర్‌పీ రంగు, అంటే గాయా నీలి (బీపీ), ఎరుపు (ఆర్‌పీ) పట్టీల్లో కొలిచిన మాగ్నిట్యూడ్‌ల తేడా.

పైభాగం చక్కగా వచ్చింది. ఎడమ పైమూల నీలి-తెలుపు బి రకం తారలున్నాయి. ప్రధాన క్రమానికి (ఎక్కువ తారలు పడే పట్టీకి) 0.75 మాగ్నిట్యూడ్ పైన ఇంకో పలచటి వరస కనిపిస్తోంది. అది జంట తారలదే, సరిసమానమైన రెండు తారల కాంతి కలిస్తే తేడా సరిగ్గా అంతే.

చిక్కల్లా జి 18 దాటాక. ఎర్ర మరుగుజ్జులు ఇంకా కుడికి పోవాల్సింది, చెదిరిపోయి ఎడమకి వంగుతున్నాయి. అక్కడ బీపీ 20.3 దాటేస్తోంది. అంత మసక తారలకి బీపీ కొలత కాంతిని ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుందని, అందుకే అవి నీలంగా కనిపిస్తాయని తెలుసు. బీపీ 20.3 దగ్గర కోసేస్తే అసలు ఎర్రటి తారలే ముందు పోతాయి, పటం కొస మొండిగా మిగులుతుంది.

దానికి బదులు జి−ఆర్‌పీ వాడితే ఉష్ణోగ్రత తేడాలు అంతే స్పష్టంగా విడిపోతాయా? మసక తారలకి పారలాక్స్ దోషం పెరుగుతుంది కాబట్టి, 7.0–7.8 హద్దుని దోషాన్ని బట్టి ఎంత సడలించాలి?