చర్చి ప్రీస్కూల్లో మూడేళ్ల పిల్లలకు కంఠత వాక్యాలు పెట్టాలా?

కొత్తనాన్న
అందరికీ వందనాలు. మా సంఘంవాళ్లు వారానికి ఐదు రోజులు ప్రీస్కూల్ నడుపుదామంటున్నారు, మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి. పొద్దున ప్రార్థన, పాట, ఒక బైబిల్ కథ, తర్వాత ఆటలు, రంగులు, అక్షరాలు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. వారానికో కంఠత వాక్యం, అంటే బైబిల్ వచనం, నెలాఖరు ఆరాధనలో పిల్లలు స్టేజి ఎక్కి అప్పజెప్పడం అనేసరికి కమిటీ రెండుగా చీలింది. నన్నూ కమిటీలో వేశారు. మా పాపకి మూడున్నర. మీరేమంటారు?

సండేటీచర్22
ఇందులో చర్చేముంది తమ్ముడూ? 22 ఏళ్లు సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసు నాదే. మాటలు సరిగ్గా తిరగని పిల్లలు 23వ కీర్తన ఆరు వచనాలూ తడుముకోకుండా చెప్పారు. అర్థం తర్వాత అదే తెలుస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా? సామెతలు 22:6 చెప్పేదీ అదే. ద్వితీయోపదేశకాండం 6:7లో 'అభ్యసింపజేసి' అని ఉంది. అభ్యాసమంటే మళ్లీ మళ్లీ చేయించడమే కదా.

ఓడలోచీమ
గోడ మీద నోవహు ఓడ బొమ్మ ఉంటుందా? అదొక్కటి చెప్పండి.

పాస్టరుగారబ్బాయి
అక్కా, ఆ వచనాన్ని సగంలో ఆపేశారు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు వాటి గురించి మాట్లాడమంటుంది మిగతా సగం. మాట్లాడమంది, అప్పజెప్పించుకోమనలేదు.

మా అన్నయ్య కూతురు 'యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు' అని గడగడా చెప్పి, ఆ వెంటనే 'లేమి అంటే ఏమి?' అని అడిగింది. ఒక్కరూ జవాబు చెప్పలేదు. చప్పట్లు మాత్రం కొట్టారు. మన బైబిల్ భాష పెద్దవాళ్లకే కొరుకుడు పడదు. ఏడేళ్లలోపు పిల్లలు కంటికి కనిపించేదాన్ని పట్టుకునే ఆలోచిస్తారని పిల్లల మనస్తత్వం మీద పరిశోధన చేసిన పియాజే ఎప్పుడో రాశాడు. యేసు నీ గుండెలో ఉన్నాడంటే, మరి డాక్టరుకి కనిపిస్తాడా అని అడిగే వయసది.

సండేటీచర్22
పియాజే గారు ఏ సంఘానికి పెద్దో నాకు తెలీదు. మా అమ్మ చివరి రోజుల్లో మా పేర్లు మర్చిపోయింది. 23వ కీర్తన మర్చిపోలేదు. ఎప్పుడు నేర్చుకుందనుకున్నారు? బడికి పోకముందు, వాళ్ల నాయనమ్మ ఒళ్లో. అప్పుడు ఆమెకి 'లేమి' తెలుసా? అయినా సండే స్కూల్ పుట్టిందే వాక్యం నేర్పడానికి.

అటకమీదపుస్తకం
చిన్న సవరణ. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్లో రాబర్ట్ రైక్స్ సండే స్కూల్ పెట్టింది పనికిపోయే పిల్లలకి చదవడం నేర్పడానికి. వాళ్లకి తీరిక ఆదివారమే. చేతిలో ఉన్న పుస్తకం బైబిల్ కాబట్టి దాంతో నేర్పారు.

ఇంకో సంగతి. కిండర్‌గార్టెన్ మొదలుపెట్టిన ఫ్రోబెల్ కూడా పాస్టరుగారి కొడుకే. అయినా 1851లో అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా ప్రభుత్వం నాస్తికత్వం నేర్పుతున్నారని కిండర్‌గార్టెన్లని నిషేధించింది. 1860 దాకా ఎత్తలేదు. చిన్నపిల్లల చదువులో దేవుడెంత అన్న గొడవ మీ కమిటీతో మొదలవలేదు.

కొత్తనాన్నగారికి పనికొచ్చేది ఒకటుంది. 1954లో రోమ్‌లో సోఫియా కవల్లెట్టి, పిల్లలు వస్తువులు పట్టుకుని సొంతంగా నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతిని పట్టుకుని చిన్నపిల్లలకి మంచి కాపరి పాఠం తయారుచేసింది. చిన్న గొర్రెల దొడ్డి, గొర్రె బొమ్మలు, ఒక కాపరి బొమ్మ. పెద్దవాళ్లు ఒకసారి చేసి చూపిస్తారు, తర్వాత పిల్లలే వాటిని కదుపుకుంటూ కూర్చుంటారు. పరీక్షల్లేవు, మార్కుల్లేవు.

సండేటీచర్22
అది కాథలిక్ పద్ధతి కదా?

అటకమీదపుస్తకం
గొర్రెలకి ఆ పట్టింపు లేదు సిస్టర్.

పాస్టరుగారబ్బాయి
'అభ్యసింపజేసి' దగ్గరికొద్దాం. హీబ్రూలో ఆ మాటకి మూలం పదును పెట్టడం. వల్లె వేయించడం అని కాదు.

సండేటీచర్22
పదును పెట్టాలంటే కత్తిని రాయి మీద ఒక్కసారి రుద్దితే చాలా? నువ్వే నా మాట నిలబెట్టావు.

మేడమీదగది
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మేం క్రైస్తవులం కాదు. పిల్లల్ని ప్రేమగా చూస్తారని మా బాబుని ఇలాంటి ప్రీస్కూల్లోనే వేశాం. ప్రార్థన ఉంటుందని ముందే చెప్పారు, సరేనన్నాం. వాక్యాలతో కూడా మాకే ఇబ్బందీ లేదు. మొన్న వాడు ఇంటికొచ్చి 'నాన్న నరకానికి పోతాడా?' అని అడిగాడు. టీచర్ అనలేదట, పక్కన కూర్చునే పిల్లాడు అన్నాడట. ఇలాంటప్పుడు అక్కడివాళ్లు ఏం చేయాలి?

ఓడలోచీమ
అమ్మో.

సండేటీచర్22
పాస్టరుగారబ్బాయికి ఒక్క మాట. వాక్యం తిన్న ఇంట్లో పెరిగి వాక్యమంటే ఇంత కంటు ఏమిటయ్యా? నీలాంటివాళ్లు సలహాలివ్వబట్టే పిల్లలు చర్చిలో నోరు తెరవకుండా పెరుగుతున్నారు.

పాస్టరుగారబ్బాయి
చెప్తాను. నాకు నాలుగేళ్లు. క్రిస్మస్. యోహాను 3:16 అప్పజెప్పాలి. ఇంట్లో వందసార్లు చెప్పాను. స్టేజి మీద మొదటి ముక్క దగ్గరే ఆగిపోయాను. నాన్న మైకు నా నోటి దగ్గరే పెట్టి, చెప్పు, చెప్పు అంటున్నారు. నిక్కరు తడిసిపోయింది. ముందు వరసలో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఇంటికెళ్లాక నాన్న అన్నది, సంఘం ముందు పరువు పోయిందని. ఎవరి పరువక్కా? ఆ వచనం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. చదివిన ప్రతిసారీ నిక్కరే గుర్తొస్తుంది.

కొత్తనాన్న
బ్రదర్...

సండేటీచర్22
కంటు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నేనొకటి చెప్పాలి. ఆ స్టేజి నేనెప్పుడూ అడగలేదు. కమిటీ అడుగుతుంది, ఫోన్లు ఎత్తి పట్టుకునే తల్లిదండ్రులు అడుగుతారు. నా క్లాసులో పిల్లలు చాప మీద కూర్చుని, చేతులూపుకుంటూ పాటలా చెప్పేవాళ్లు. రానివాళ్లు ఊరికే చేతులూపేవాళ్లు.

మా సంఘంలోనూ ప్రీస్కూల్ పెట్టారు. ట్రైనింగ్ అయిన అమ్మాయిని తెచ్చుకున్నారు, మంచిదే. ఒక ఆదివారం వెళ్లేసరికి నేను చేతులతో రాసిన వాక్యాల చార్టులన్నీ గోడల మీంచి తీసి అట్టపెట్టెలో పెట్టారు. కంఠత ఈ వయసుకి మంచిది కాదు ఆంటీ, మీరిక రెస్టు తీసుకోండి అంది. 22 ఏళ్లు జీతం అడగలేదు. ఒక్కరైనా నన్ను ట్రైనింగుకి పంపిస్తామనలేదు. అందుకే ఇక్కడ ఎవరైనా 'కంఠత వద్దు' అంటే నాకు ఆ పెట్టె కనిపిస్తుంది.

అటకమీదపుస్తకం
ఇది ముందే చెప్పి ఉంటే నేను గొర్రెల జోకు వేసేవాణ్ని కాదు.

కొత్తనాన్న
మా కమిటీలో టీచర్ ఎవరు, జీతమెంత అన్నది ఇంకా మాట్లాడనే లేదు. రెండు మీటింగులూ స్టేజి గొడవకే సరిపోయాయి. ఈసారి స్టేజి వద్దని రాసిస్తాను. వాక్యం సంగతి మాత్రం నాకింకా తేలలేదు.

ఓడలోచీమ
ఇంతకీ ఓడ?

పాస్టరుగారబ్బాయి
వేయించండి. మునిగినవాళ్లని మాత్రం వేయించకండి.

సండేటీచర్22
తమ్ముడూ, లేమి అంటే ఏమిటని అడిగిన పాపకి ఆఖరికి ఏం చెప్పావు?

పాస్టరుగారబ్బాయి
ఏమీ చెప్పలేదు.

సండేటీచర్22
ఆకలేస్తే అమ్మ పెడుతుంది కదా, అలాగని చెప్పు.

పాస్టరుగారబ్బాయి
అది ఆకలక్కా. లేమి వేరు.

సండేటీచర్22
మూడేళ్ల పిల్లకి రెండూ ఒకటే.

మేడమీదగది
నా ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్తారా? రేపు పొద్దున వాణ్ని మళ్లీ దింపాలి.