చిన్నాన్న ఇచ్చిన పాత ఎలక్ట్రిక్ గిటారు: నెక్ మార్చాలా, నిలుపుకోవాలా?

కందుకూరు_ఆరుతీగలు

సభ్యులందరికీ నమస్కారం. మాది కందుకూరు, ఉద్యోగరీత్యా నెల్లూరులో ఉంటున్నాను. మా చిన్నాన్న ఎనభైయవ దశకంలో ఒంగోలులోని ఒక ఆర్కెస్ట్రాలో లీడ్ గిటారు వాయించేవారు. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు, క్రిస్మస్ కార్యక్రమాలకు నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండూ తిరిగిన ఆ గిటారు కలకత్తాలో తయారైనది. ఆకారం ఫెండర్ కంపెనీ మోడల్ స్ట్రాటోకాస్టర్‌ది, తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు, రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు, సన్‌బర్స్ట్ రంగు. వేళ్లకు కీళ్లనొప్పులు మొదలయ్యాక ఆయన దాన్ని నాకు ఇచ్చేశారు.

అప్పటినుంచి, చేతిలో డబ్బు ఉన్నప్పుడు, తీరిక దొరికినప్పుడు, ఒక్కొక్క భాగాన్నే బాగుచేసుకుంటూ వస్తున్నాను. శ్రుతి నిలపలేని ట్యూనింగ్ కీలను మార్చాను. ఉప్పుగాలికి మరలు పట్టేసిన బ్రిడ్జి శాడిళ్ల (బాడీ మీద తీగలు ఆనే చిన్న దిమ్మెల) స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలువి బిగించాను. గరగరలాడే వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు తీసి కొత్తగా 250 కిలోఓమ్‌లవి వేశాను. జాకు, సెలెక్టర్ స్విచ్ కూడా కొత్తవే. బాడీ, నెక్ (తీగలు సాగే పొడవాటి మెడ), పికప్‌లు మాత్రం మొదటినుంచీ ఉన్నవే. తీసిన ప్రతి భాగాన్నీ ఒక డబ్బాలో దాచి ఉంచాను.

ఇప్పుడు మొదటి నాలుగు ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు కమ్మీల) మీద సన్నతీగల కింద గుంటలు పడ్డాయి. అన్నిటికన్నా సన్నని తీగ అయిదో ఫ్రెట్ నుంచి జరజరలాడుతోంది. నవంబరు వానల్లో సరిచేసిన యాక్షన్ (ఫ్రెట్లపై తీగల ఎత్తు) మే నెల వచ్చేసరికి మళ్లీ మారిపోతోంది. వీటికి తోడు మధ్య పికప్ పూర్తిగా మూగబోయింది. పెద్ద ఊళ్లోని ఒక వాద్యాల దుకాణంలో చూపిస్తే, ఈ నెక్ పని అయిపోయిందనీ, కొత్త నెక్కూ కొత్త పికప్ సెట్టూ వేయించుకోవడమే మేలనీ చెప్పారు.

నెక్ వెనుకవైపు, అయిదో ఫ్రెట్‌కు ఎదురుగా, చిన్నాన్న బొటనవేలు ఆనిన చోట పాలిష్ అంతా అరిగిపోయి లోపలి కొయ్య బయటపడింది. చేతి చమట పట్టి ఆ భాగం గోధుమరంగుకు తిరిగి, అరచేతికి పట్టులా తగులుతుంది. వాయించేటప్పుడు నా వేలు కూడా అక్కడికే చేరుతుంది. అందువల్ల ఆ నెక్‌ను తీసి పక్కన పెట్టడానికి మనసు ఒప్పుకోవడం లేదు. దాన్ని నిలుపుకుంటూనే కార్యక్రమాల్లో నిబ్బరంగా వాయించుకోగలిగేలా చేయవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఒంగోలు_ఫ్రెట్

నమస్కారమండి. ఫ్రెట్లు అరగడం వేరు, నెక్ పాడవడం వేరు. మీరు రాసినదాంట్లో నెక్ చెడిపోయిందనడానికి ఒక్క ఆధారమూ నాకు కనిపించలేదు. ఫ్రెట్లు అరిగిపోవడానికే ఉన్నాయి; చెప్పులకు అట్టలు మార్చుకున్నట్టు వాటిని మార్చుకోవచ్చు. నెక్ మెలితిరిగినా, పగిలినా, నెక్ లోపల ఉండి వంపును సరిచేసే ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ తెగిపోయినా, మర తిరగకుండా పోయినా అప్పుడు మార్చే మాట ఎత్తాలి.

ముందుగా నెక్ వంపును కొలవండి. తీగలన్నీ శ్రుతిలో ఉండగా, లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీలో కలిసే చోటి ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కి పట్టి, ఏడు ఎనిమిది ఫ్రెట్ల మధ్య తీగకూ ఫ్రెట్‌కూ ఎంత సందు ఉందో ఇంకొకరిని చూడమనండి. టూవీలర్ మెకానిక్కులు టాపెట్ సరిచేయడానికి వాడే ఫీలర్ గేజ్ ఇందుకు చక్కగా సరిపోతుంది. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల సందు ఉంటే మంచిదే. అంతకన్నా ఎక్కువ ఉంటే ట్రస్ రాడ్‌ను పావు చుట్టు మాత్రమే బిగించి, మళ్లీ శ్రుతి చేసి, ఒక రాత్రి ఆగి, మరునాడు తిరిగి కొలవాలి. తొందరపడి ఒకేసారి ఒక చుట్టు తిప్పితే రాడ్ తెగే ప్రమాదం ఉంది. మన ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలిలో ఉండే తేమకూ, రోహిణి కార్తె ఎండకూ కొయ్య ఒక్కలా ఉండదు. ఏడాదికి రెండుసార్లు ఈ సర్దుబాటు అవసరం కావడం లోపం కాదు.

అయిదో ఫ్రెట్ నుంచి వచ్చే జరజరకు ఎత్తుగా లేచిన ఫ్రెట్ ఏదో కారణమై ఉంటుంది. మూడు ఫ్రెట్లమీద మాత్రమే ఆనే చిన్న ఉక్కు బద్దను అంచు మీద నిలబెట్టి చూడండి. అది అటూ ఇటూ ఊగితే నడిమి ఫ్రెట్ లేచినట్టు. చాలాసార్లు దాని చివర గాడిలోంచి పైకి వచ్చి ఉంటుంది. ఒక చుక్క సూపర్ గ్లూ వేసి, చెక్కముక్కతో నొక్కి బిగించి ఉంచితే కూర్చుంటుంది.

గుంటలు పడిన ఫ్రెట్ల విషయంలో నా సలహా మొదటి అయిదింటిని మాత్రమే మార్చి, తక్కినవాటితో సమం చేయడం. కొత్త ఫ్రెట్ ఎత్తు సాధారణంగా ఒక మిల్లీమీటరుకు కాస్త పైన ఉంటుంది. మీ పాత ఫ్రెట్లు సమం చేశాక 0.7 మిల్లీమీటర్లకన్నా తగ్గేటట్టయితే అన్నిటినీ మార్చక తప్పదు. పాత ఫ్రెట్ తీసేటప్పుడు సోల్డరింగ్ ఐరన్‌తో దాన్ని వేడిచేయాలి. కింది జిగురు మెత్తబడుతుంది, రోజ్‌వుడ్ పెచ్చులు లేవడం తగ్గుతుంది. అంచు చదునుగా సాన పట్టిన కటింగ్ ప్లయర్‌తో ఒక చివరనుంచి కొద్దికొద్దిగా నొక్కుతూ పోవాలి, పైకి లాగకూడదు.

సమం చేసే పనికి నిక్కమైన చదును కావాలి. ఇక్కడ మనకు ఒక అదృష్టం ఉంది. చీమకుర్తి గ్రానైట్ పాలిష్ చేసే యూనిట్ల దగ్గర మిగిలిపోయిన పలక ముక్కలు దొరుకుతాయి. అలాంటి ముక్కమీద 220 నంబరు సాండ్‌పేపరు అంటించి, దానిపై అల్యూమినియం పెట్టె గొట్టాన్ని రుద్దితే గొట్టం అడుగు చదునవుతుంది. ఆ గొట్టానికే 400 నంబరు పేపరు అంటించి, ఫ్రెట్ల నెత్తిన మార్కర్‌తో రంగు పూసి, బరువు మోపకుండా నెక్ పొడవునా రుద్దండి. రంగు అన్నిచోట్లా సమంగా పోయిన క్షణాన ఆపేయాలి. ఆ తరువాత ఫ్రెట్ నెత్తిని మళ్లీ గుండ్రంగా తీర్చడం మరచిపోవద్దు. చదునుగా వదిలేస్తే స్వరస్థానం కొద్దిగా తప్పుతుంది.

కావలి_కాయిల్

నేను మోటారు వైండింగ్ పని చేస్తాను. చర్చిలో గిటారు కూడా వాయిస్తాను. అందుచేత పికప్ సంగతి చెబుతాను.

మల్టీమీటరుతో పికప్ రెండు వైర్ల మధ్య నిరోధం చూడండి. ఇలాంటి సింగిల్ కాయిల్ సాధారణంగా 5.5 నుంచి 6.5 కిలోఓమ్‌ల మధ్య చూపిస్తుంది. ఏమీ చూపకపోతే తీగ ఎక్కడో తెగినట్టు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఎక్కువగా తెగేది కాయిల్ మధ్యలో కాదు, కాయిల్ కొస టంకం పెట్టిన చోట. అక్కడ పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. బయటి కొస అయితే భూతద్దం కింద రెండు మూడు చుట్లు విప్పి, ఎనామిల్ గీకి, మళ్లీ టంకం పెడితే పికప్ బతుకుతుంది. లోపలి కొస తెగితే కాయిల్ అంతా తిరిగి చుట్టాల్సిందే.

తిరిగి చుట్టించేటప్పుడు ఒక విషయంలో జాగ్రత్త పడాలి. అమెరికా పద్ధతిలో రాసిన వివరాలన్నిటిలోనూ ఈ తీగ 42 గేజ్ అని ఉంటుంది. మన వైండింగ్ షాపుల్లో వాడుకలో ఉన్నది బ్రిటిష్ గేజ్; అందులో 42 అడిగితే 0.1 మిల్లీమీటరు తీగ ఇస్తారు. మీకు కావలసింది 0.063 మిల్లీమీటర్లది, అంటే మన లెక్కలో సుమారు 46 గేజ్. లావు తీగతో కావలసినన్ని చుట్లు ఆ బాబిన్‌లో పట్టవు. నంబరు చెప్పకుండా మిల్లీమీటర్లలో అడగడం క్షేమం. ఏడున్నర వేలనుంచి ఎనిమిది వేల చుట్లు పడతాయి. ఒక్క పికప్‌లోనే దాదాపు కిలోమీటరు తీగ ఉంటుంది కాబట్టి, నిదానంగా, చేతివేళ్ల మధ్య సన్నటి బట్టతో బిగువు చూసుకుంటూ చుట్టగలిగినవారికే ఇవ్వండి.

పాత కాయిల్ ఏ దిక్కుగా చుట్టి ఉందో విప్పకముందే రాసిపెట్టుకోండి. అయస్కాంతం మార్చకుండా దిక్కు మాత్రం మార్చి చుడితే, రెండు పికప్‌లు కలిపి వాయించినప్పుడు ఒకదాన్ని మరొకటి కొట్టేసి స్వరం పలుచనవుతుంది. చుట్టడం పూర్తయ్యాక పారాఫిన్ మైనంలో అయిదో వంతు తేనెమైనం కలిపి, మరిగే నీళ్ల గిన్నెలో పెట్టిన మరో గిన్నెలో కరిగించి, 65 డిగ్రీల వేడి దాటకుండా చూసుకుంటూ పికప్‌ను అందులో ముంచాలి. లోపలి గాలిబుడగలు రావడం ఆగిన తరువాత తీయండి. మైనాన్ని నేరుగా మంటమీద పెట్టవద్దు, అంటుకుంటుంది.

నెల్లూరు_రిథమ్

పెద్దల సలహాలు విలువైనవే గాని, నాది కొంచెం వేరే అభిప్రాయం. నెలకు నాలుగైదు కార్యక్రమాలు చేసేవారికి గిటారుమీద పూర్తి భరోసా ఉండాలి. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ 1970లో కొన్న నల్ల స్ట్రాటోకాస్టర్‌కు నెక్ ఎన్నోసార్లు మార్చారు, పికప్‌లు మార్చారు, బాడీలో కొత్త రంధ్రాలు వేశారు. అయినా 2019 వేలంలో అది 39.75 లక్షల డాలర్లకు పోయింది. దాన్ని ఆయన గిటారు కాదని ఎవరూ అనలేదు. పాత నెక్‌ను భద్రంగా దాచి, కొత్తది బిగించుకోవడంలో అపచారం ఏమీ లేదని నా నమ్మకం.

అయితే కొనేముందు కొలతలు తీసుకోండి. బజారులో దొరికే నెక్‌ల మడమ (బాడీలో దిగే చివర) వెడల్పు దాదాపు 56 మిల్లీమీటర్లు, తీగ పొడవు లెక్క 648 మిల్లీమీటర్లు. పాత కలకత్తా గిటార్ల బాడీలోని నెక్ గూడు అంతే ఉంటుందన్న నమ్మకం లేదు. పొడవు లెక్క తేడా వస్తే బ్రిడ్జిని జరపాలి. అప్పుడు బాడీకి కొత్త రంధ్రాలు తప్పవు.

ఇంకొక ముఖ్యమైన మాట. లోపల ఎంత వైరింగ్ మార్చినా, బ్రిడ్జి నుంచి ఎర్త్ వైరు వెళ్తుంది కాబట్టి తీగలు ఆంప్లిఫయర్ బాడీతో కలిసే ఉంటాయి. తిరునాళ్ల పందిళ్లలో జనరేటరు మీద, ఎర్తింగ్ లేని రెండు పిన్నుల ప్లగ్గుతో వాయిస్తూ మైకుకు పెదవి ఆనిస్తే షాక్ కొట్టవచ్చు. ఆంప్లిఫయరూ మైకు మిక్సరూ ఒకే ఎర్త్ ఉన్న బోర్డునుంచి తీసుకోండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచి వాడే అలవాటు మనవాళ్లలో ఉంది. దాన్ని దయచేసి మానండి.

ఒంగోలు_ఫ్రెట్

నెల్లూరు మిత్రులు షాక్ గురించి చెప్పినది అక్షరాలా నిజం. నెక్ విషయంలో మాత్రం నేను ఏకీభవించలేను. గిల్మోర్‌గారి నెక్‌లు మార్చినవారు ఆయన చేతికి తగినదాన్ని ఎంచుకోవడానికి మార్చారు. ఇక్కడ చేతికి అమరిన నెక్ ముందే ఉంది. క్వీన్ బృందపు గిటారిస్టు బ్రయాన్ మే 1963లో తండ్రితో కలిసి గిటారు తయారుచేయడం మొదలుపెట్టినప్పుడు, ఒక పాత ఇంటి నిప్పుగూడు పైదిమ్మెగా ఉన్న మహాగనితో నెక్ చెక్కి, అందులో పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. ఆయన దానితోనే ప్రపంచమంతా వాయించారు. బాగా ఆరిన పాత కొయ్యను అంత తేలికగా వదులుకోకూడదు.

కందుకూరు_ఆరుతీగలు

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు కొలిచాను. నెక్ వంపు 0.55 మిల్లీమీటర్లు ఉంది. ట్రస్ రాడ్ మర సాఫీగా తిరుగుతోంది. పావు చుట్టు బిగించి మరునాడు చూస్తే 0.4కు దిగింది. ఏడో ఫ్రెట్ సన్నతీగ వైపు చివర కాగితం దూరేంత లేచి ఉంది. మధ్య పికప్ ఏమీ చూపలేదు. తక్కిన రెండూ 5.8, 5.9 కిలోఓమ్‌లు చూపాయి. విప్పి చూస్తే బయటి కొస దగ్గర పచ్చని చిలుము ఉంది, కాబట్టి చుట్టించే అవసరం రాదనే ఆశ కలిగింది. నెక్‌ను ఉంచే నిర్ణయించుకున్నాను. చిన్నాన్నకు ఫోన్‌లో చెబితే, ఏడో ఫ్రెట్ ఆ రోజుల్లో కూడా లేస్తూ ఉండేదని అన్నారు.

పనిలో పనిగా బాడీకి కూడా కొత్తగా లక్కర్ కొట్టించాలా అన్నది ఇంకొక సందేహం.

ఒంగోలు_ఫ్రెట్

చాలా సంతోషమండి. రంగు జోలికి ఇప్పుడు పోవద్దు. నా మటుకు నాకైతే ఎప్పటికీ పోవద్దనే ఉంది. తప్పదనుకుంటే, ఫర్నిచర్ పనివారు వాడే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లక్కర్ వానల రోజుల్లో కొట్టకూడదు. గాలిలోని తేమ పైపొరలో చిక్కుకుని తెల్లగా మసకబారుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం. నెక్ వెనుక అరిగిన చోట మాత్రం ఏ రంగూ పూయనీయకండి.

ఇంకో పావు చుట్టు బిగించండి. 0.3 దగ్గర ఆగాక ఏడో ఫ్రెట్‌ను కూర్చోబెట్టి, ఒక వారం వాయించి చూడండి. జరజర అక్కడికే పోయినా పోవచ్చు. పికప్ కొస టంకం అదే వారంలో చేయవద్దు; రెండు పనులు ఒకేసారి చేస్తే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలియదు. ఫ్రెట్ల పని సంక్రాంతి దాటి వానతేమ తగ్గాక మొదలుపెడదాం. మొదటి ఫ్రెట్ ఒక్కటి తీసి, గాడి వెడల్పు ఫీలర్ గేజ్‌తో కొలిచి, ఫొటోతో సహా ఇక్కడ పెట్టండి. ఏ ఫ్రెట్ వైరు తెప్పించుకోవాలో అది చూశాకే చెబుతాను.